ఇరవై రెండు అంగలు

మేత డబ్బా నుంచి ఇటుక గోడ దాకా
ఇరవై రెండు అంగలు.
రెండుసార్లు కొలిచాను, ఒకసారి గమ్‌బూట్లతో, ఒకసారి మేజోళ్లతో.
నా చీకటి పొడవు అంతే.

స్పాల్డింగ్ బజారులో తుపాకుల కొట్టు కుర్రాడు జెత్రో
అద్దాల బీరువా తాళం తీసి
నల్లటి గొట్టమొకటి నా చేతుల్లో పెట్టాడు, పసిబిడ్డను అందించినట్టు.
"వేడిని చూస్తుంది ఇది. కిలోమీటరు అవతల
కుందేలు చెవి కదిలినా తెల్లగా మండుతుంది."
ధర చీటీ తిరగేశాను.
మూడు శీతాకాలాల గుడ్లు.
"నాయనా, కొండను తవ్వే గునపం అమ్ముతున్నావు.
నాకు కొండే లేదు. ఈ లింకన్‌షైర్ పల్లంలో
చెప్పులో రాయే ఎత్తైన చోటు.
నాకు కావలసింది ఎలుక."

నవ్వాడు. నవ్వాగాక అసలు మాట అడిగాడు:
ఎంత దూరం? ఏ తుపాకి? పైన కప్పుందా?
గాలి తుపాకి. రేకుల కప్పు. ఇరవై రెండు అంగలు.

అప్పుడు తీశాడు బల్ల కింది అట్టపెట్టె.
ఎవరో వాడి విసిగిన చిన్న కెమెరా,
నా పాత దుర్బిణి వెనక తొడుక్కునేది.
దానికి తోడు, కంటికి ఆనని వెలుగు చిమ్మే టార్చి.
"రెండు రకాలున్నాయి. ఒకటి దూరం పోతుంది గానీ
మొహాన ఎర్రచుక్క మెరుస్తుంది, ముదురు ఎలుకలు పసిగడతాయి.
ఇది దగ్గరికే. కానీ గుట్టు దాస్తుంది."
గుట్టు దాచేదే ఇమ్మన్నాను.
ధర తగ్గించలేదు. బ్యాటరీలు మాత్రం ఊరికే ఇచ్చాడు.

విషం పెట్టొచ్చుగా, అంటాడు పక్క పొలం హెడ్లీ.
పెట్టాను, పోయినేడు.
ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకుంటారంటారే,
నాది ఇల్లు కాదు, గుడ్లగూబ.
తొమ్మిదేళ్లు మా దూలం మీద అద్దె లేకుండా బతికింది.
నీలం గుళికలు మింగిన ఎలుకను మింగి
నీళ్ల తొట్టి పక్కన పడి ఉంది,
ఆరేసి మరిచిపోయిన చొక్కాలా.
ఎత్తి పట్టుకుంటే
ఓ ఉత్తరమంత బరువు.

మొదటి రాత్రి ఒక్క గుండూ పేల్చలేదు.
టార్చి నిండుగా వెలిగిస్తే తెరంతా మంచు.
మంచు కాదు, మేత దుమ్ము,
ఒక్కో రేణువూ ఒక్కో చందమామ.
టార్చి మూతికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టాను.
వెలుగు తగ్గితే గానీ చూపు రాలేదు.
ఈ సంగతి అట్టపెట్టెలోని కాగితంలో లేదు.

రెండో రాత్రి, బూడిద రంగులో,
ముప్పై ఏళ్లుగా నేను తాళం వేసి వెళ్లిపోయే షెడ్డు.
పగలంతా పొడుచుకునే ఆ రెండు పెట్టలూ
ఒకదాని మెడ కింద ఒకటి తల దూర్చి పడుకున్నాయి.
నాకెవరూ చెప్పలేదు.

గోడవార గడ్డిమోపుల ముందు, ఇంతలో,
రెండు నిప్పురవ్వలు ఆగాయి.
సీసా బిరడా తీసినంత చప్పుడు.
కోళ్లు కదల్లేదు.

ఐదు రాత్రులు. ఎనిమిది ఎలుకలు. మూడు గురి తప్పాయి.
ఒకదాన్ని నేనే వదిలేశాను, వెనక పెట్ట ఉంది.
చలికి వేళ్లు కొంకర్లు పోయాయి,
గుడ్లు మాత్రం పదకొండు దగ్గర నిలబడ్డాయి.

పని అయ్యాక తుపాకి ఖాళీ చేసి గోడకు ఆనించి
కెమెరా ఒక్కటే ఊడదీసుకుని
పైకి, దూలం వైపు చూస్తాను.
ఎండిన తెల్లటి చారలు. ఒక సాలెగూడు.
తెర మూల బ్యాటరీ బొమ్మలో ఇంకా రెండు గీతలున్నాయి.
అవి అయ్యేదాకా
చూస్తాను.